నంబోర్ పరిశోధన: ముడతను కొలిచిన పనితనం

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో, బ్రిస్బేన్‌కు ఉత్తరాన సుమారు 100 కిలోమీటర్ల దూరంలో, నంబోర్ అనే చిన్న ఊరుంది. ఒకప్పుడు చెరకు తోటలకూ చక్కెర మిల్లుకూ పేరుబడ్డ ఊరు. చర్మం మీద ఆసక్తి ఉన్నవాళ్లకు మాత్రం ఆ పేరు వినగానే 1992 నుంచి 1996 దాకా అక్కడ నడిచిన ఒక పరిశోధన గుర్తుకొస్తుంది. రోజూ సన్‌స్క్రీన్ రాసుకునేవాళ్ల చర్మం, రాసుకోనివాళ్ల చర్మం కన్నా నెమ్మదిగా ముసలిదవుతుందా అన్నది అక్కడ అడిగిన ప్రశ్న. జవాబు కోసం పరిశోధకులు నాలుగున్నరేళ్లు ఆగారు. వందలమంది చేతుల అచ్చులు తీశారు. ఆ అచ్చుల లెక్క 2013 జూన్‌లో ‘అన్నల్స్ ఆఫ్ ఇంటర్నల్ మెడిసిన్’ అనే వైద్య పత్రికలో అచ్చయింది. రాసినవాళ్లు మరియా సీలియా హ్యూస్, అడెల్ గ్రీన్, వాళ్ల సహచరులు.

ముడతల గురించి వచ్చిన పరిశోధనలు బోలెడున్నాయి. వాటిలో ఈ ఒక్కదాన్నే ఎంచుకుని పరిచయం చేయడానికి కారణం దీని ఫలితం ఒక్కటే కాదు. దాన్ని రాబట్టిన తీరు అంతకన్నా గొప్పది. మంచి నేత చీర అంచును తిరగేసి చూసినా పోగు తెగకుండా కనబడినట్టు, ఈ పరిశోధనను ఏ వైపు నుంచి విప్పి చూసినా పనితనం కనబడుతుంది.

అసలు విషయం ముందు చెప్పుకుందాం. చర్మం మారడానికి రెండు కారణాలు. ఒకటి వయసు, రెండోది ఎండ. రెండూ కలిసే పనిచేస్తాయి గనుక విడివిడిగా పోల్చుకోలేం అనిపిస్తుంది. కానీ ఆ తేడా చూడటానికి మన ఒళ్లే చాలు. చొక్కా చేతుల కిందో, జాకెట్టు చేతుల కిందో ఎప్పుడూ దాగి ఉండే భుజం లోపలి వైపు ఒకసారి చూసుకోండి. తర్వాత అరచేతి వెనుక వైపు చూసుకోండి. రెండు చోట్లా చర్మం వయసు ఒకటే. అయినా ఒకచోట నున్నగా, మరోచోట గరుగ్గా, గీతలు పడి, అక్కడక్కడ మచ్చలతో ఉంటుంది. ఆ తేడాలో ఎక్కువ వాటా ఎండది.

పైకి కనిపించే పొర కింద మరో మందపాటి పొర ఉంటుంది. కొలాజెన్ పోగులు దానికి బిగువునిస్తాయి. ఎలాస్టిన్ పోగుల వల్ల చర్మం సాగినా మళ్లీ సర్దుకుంటుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగిలినప్పుడు చర్మకణాలు కొన్ని ఎంజైములను విడుదల చేస్తాయి. అవి కొలాజెన్‌ను ముక్కలు చేస్తాయి. ఒళ్లు కమిలేంత ఎండ అక్కర్లేదనీ, చర్మం ఎర్రబడని కొద్ది మోతాదు కూడా కొన్ని గంటల్లోనే ఈ ఎంజైములను లేపుతుందనీ మిషిగన్ విశ్వవిద్యాలయంలో గ్యారీ ఫిషర్, జాన్ వూర్‌హీస్ బృందం 1990లలో చూపింది. తెగిన పోగులను శరీరం బాగుచేసుకుంటుంది గానీ, ప్రతిసారీ పూర్తిగా మునుపటిలా చేసుకోలేదు. ఇలా ఏళ్ల తరబడి మిగిలిపోయిన లోపాలే చివరకు ముడతలుగా తేలుతాయి.

ఈ కిరణాల్లో ‘యూవీ-ఏ’ రకం గాజులోంచి కూడా దూసుకొస్తుంది. 2012లో ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’లో ఒక ఫొటో వచ్చింది. 69 ఏళ్ల ఒక డ్రైవరు ముఖం అది. ఆయన 28 ఏళ్లు డెలివరీ ట్రక్కు నడిపాడు. అమెరికాలో డ్రైవరు సీటు ఎడమవైపు ఉంటుంది కాబట్టి కిటికీ వైపున్న ఎడమ చెంప మందంగా, లోతైన ముడతలతో వేలాడుతోంది. కుడి చెంప మాత్రం ఆయన వయసుకు తగ్గట్టే ఉంది. మన దేశంలో స్టీరింగ్ కుడివైపు గనుక మన లారీ, బస్సు, క్యాబ్ డ్రైవర్లలో ఎండ దెబ్బ కుడి చెంపకు, కుడి చేతికి ఎక్కువగా తగులుతుంది.

అయితే ఎండ చర్మాన్ని పాడుచేస్తుందని చూపడం ఒకటి, సన్‌స్క్రీన్ దాన్ని ఆపుతుందని మనుషుల్లో నిరూపించడం మరొకటి. నంబోర్‌కు ముందు సన్‌స్క్రీన్ పరీక్షలు ఎక్కువగా జంతువుల మీద, ప్రయోగశాలల్లో జరిగాయి. మామూలు జనం మామూలుగా బతుకుతూ ఉండగా ఎవరూ సరిగ్గా కొలవలేదు. కారణం ఊహించుకోవచ్చు. ముడత ఒక్క రోజులో రాదు. నెల రోజుల ప్రయోగంతో దాని సంగతి తేలదు. ఏళ్లు కావాలి, డబ్బు కావాలి, విడిచిపోని మనుషులు కావాలి.

అడెల్ గ్రీన్ బృందం ఈ పనికి పునాది 1986లోనే వేసింది. నంబోర్‌లో చర్మ క్యాన్సర్ ఎంతమందికి ఉందో చూడటానికి ఓటర్ల జాబితా నుంచి చీటీలు తీసినట్టు మనుషులను ఎంపిక చేసింది. ఆస్ట్రేలియాలో ఓటరుగా నమోదు కావడం తప్పనిసరి కాబట్టి ఆ జాబితాలో ఊరంతా ఉన్నట్టే. ఈ ఒక్క నిర్ణయంలోనే ఎంత విలువుందో చూడండి. పేపర్లో ప్రకటన ఇచ్చి పిలిస్తే ఎవరొస్తారు? ఒంటి మీద శ్రద్ధ ఉన్నవాళ్లు, టోపీ లేకుండా బయటికి వెళ్లనివాళ్లు, ముందే ఏదో క్రీము వాడేవాళ్లు వస్తారు. వాళ్ల మీద తేలిన ఫలితం వాళ్లకే పనికొస్తుంది. జాబితాలోంచి తీస్తే ఊరు ఎలా ఉందో అలాగే వస్తుంది. చెరకు తోటలో పనిచేసేవాళ్లు, ఆఫీసులో కూర్చునేవాళ్లు, ఎండను పట్టించుకోనివాళ్లు, అందరూ ఉంటారు.

అలా ఎంచిన 1,621 మంది పెద్దలతో 1992లో అసలు ప్రయోగం మొదలైంది. దాని ముఖ్య లక్ష్యం చర్మ క్యాన్సర్. దాంతోపాటే చర్మం ముసలితనం కూడా కొలుద్దామని వాళ్లలో 55 ఏళ్ల లోపున్న 903 మందిని తీసుకున్నారు. వయసు ముదిరితే కాలం చేసే మార్పులు ఎండ చేసే మార్పులను కప్పేస్తాయి గనుక ఈ హద్దు పెట్టుకున్నారు. తెలివైన హద్దు అది.

ఒకే ప్రయోగంలో రెండు ప్రశ్నలు అడగడం మరో నేర్పు. సన్‌స్క్రీన్ పనిచేస్తుందా అన్నది మొదటిది. క్యారెట్‌కు ఆ రంగునిచ్చే బీటా కెరోటిన్‌ను మాత్రగా మింగితే చర్మం ముసలితనం తగ్గుతుందా అన్నది రెండోది. ఆ రోజుల్లో ఈ మాత్రల మీద చాలా ఆశ ఉండేది. జనాన్ని చీటీల పద్ధతిలో నాలుగు భాగాలు చేశారు. రోజూ సన్‌స్క్రీన్, 30 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ మాత్ర ఒక భాగానికి. రోజూ సన్‌స్క్రీన్, ఉత్తుత్తి మాత్ర రెండో భాగానికి. తమకు తోచినప్పుడే సన్‌స్క్రీన్, అసలు మాత్ర మూడో భాగానికి. తోచినప్పుడే సన్‌స్క్రీన్, ఉత్తుత్తి మాత్ర నాలుగో భాగానికి. ఎవరు ఏ మాత్ర మింగుతున్నారో వాళ్లకూ తెలియదు, పరీక్షించేవాళ్లకూ తెలియదు.

మరి ఉత్తుత్తి మాత్ర ఇచ్చినవాళ్లు ఉత్తుత్తి సన్‌స్క్రీన్ ఎందుకు ఇవ్వలేదు? ఇచ్చి ఉంటే ప్రయోగం కాగితం మీద ఇంకా శుభ్రంగా ఉండేది. కానీ క్వీన్స్‌లాండ్‌లో చర్మ క్యాన్సర్ ప్రపంచంలోకెల్లా ఎక్కువ. అక్కడి మనిషికి పనిచేయని క్రీము ఇచ్చి రాసుకోమంటే, తనకు రక్షణ ఉందనుకుని అతను మరింతసేపు ఎండలో తిరుగుతాడు. అందుకే మూడు, నాలుగు భాగాలను కలిపి రెండో బృందంగా చూసి, వాళ్ల అలవాటుకే వదిలేశారు. రాసుకోవాలనిపిస్తే రాసుకోవచ్చు, ఎవరూ ఆపరు. దీనివల్ల రెండు బృందాల మధ్య తేడా తగ్గిపోతుందని వాళ్లకు తెలుసు. తెలిసీ మనిషి క్షేమానికే మొగ్గారు. నైతికత కోసం లెక్కలో కొంత నష్టాన్ని ఒప్పుకున్న ఈ నిర్ణయాన్ని నేను ఈ పరిశోధన మొత్తంలో అన్నిటికన్నా ఎక్కువగా గౌరవిస్తాను.

రోజూ రాసుకునే బృందానికి ఎస్‌పీఎఫ్ 15 స్థాయి సన్‌స్క్రీన్ ఉచితంగా ఇచ్చారు. ప్రతి ఉదయం ముఖానికి, మెడకు, చేతులకు పూసుకోవాలి. బాగా చెమట పట్టినా, స్నానం చేసినా, ఎక్కువసేపు ఎండలో ఉన్నా మళ్లీ పూసుకోవాలి. ఇంతవరకు ఎవరైనా చెబుతారు. జనం చెప్పినట్టు చేశారో లేదో తెలుసుకోవడంలోనే పరిశోధకుడి చిత్తశుద్ధి బయటపడుతుంది. అడిగితే అందరూ ‘రోజూ రాసుకుంటున్నాం’ అంటారు. అందుకే మూడు నెలలకోసారి జనం క్లినిక్‌కు వచ్చినప్పుడు పాత సీసాలు వెనక్కి తీసుకుని తూకం వేశారు. ఎంత తగ్గిందో అంత వాడినట్టు.

ఆ తూకం ఒక ముఖ్యమైన నిజాన్ని బయటపెట్టింది. జనం సగటున రోజుకు వాడింది గ్రామున్నర. చర్మం విస్తీర్ణంతో భాగిస్తే చదరపు సెంటీమీటరుకు సుమారు 0.8 మిల్లీగ్రాములు. సీసా మీద రాసే ఎస్‌పీఎఫ్ అంకెను ప్రయోగశాలలో తేల్చేటప్పుడు చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాములు పూస్తారు. అంటే నంబోర్ జనం పూసుకున్నది అందులో సగం కూడా కాదు. ఇదేదో ప్రయోగంలో లోపం అనుకోకండి. మనమందరం ఇళ్లలో చేసేది అదే. అరకొరగా పూసుకునే మామూలు మనుషుల మీద ఫలితం వచ్చింది గనుకే అది మనకు పనికొస్తుంది.

ఇక ముడతను కొలిచిన తీరు. ఇక్కడే ఈ పని అందం పూర్తిగా కనబడుతుంది. ముఖం ఫొటోలు తీసి పోల్చలేదు. ఫొటోలో వెలుతురు మారితే ముడత మారుతుంది, నవ్వితే మారుతుంది, నీడ పడితే మారుతుంది. ‘మీ చర్మం ఎలా అనిపిస్తోంది’ అని అడిగి మార్కులూ వేయించలేదు. అరచేతి వెనుక వైపు, చర్మం మీద మెత్తటి సిలికాన్ పదార్థం పూసి, అది గట్టిపడ్డాక మెల్లగా ఒలిచి తీశారు. చర్మం మీది ప్రతి గీతా, ప్రతి గాడీ ఆ అచ్చులో తిరగబడి దిగుతుంది. 1992లో ఒకసారి, 1996లో ఒకసారి తీశారు.

ఆ అచ్చును మైక్రోస్కోపు కింద చూస్తే లేత చర్మం ఒకలా ఉంటుంది, ఎండకు అలసిన చర్మం ఒకలా ఉంటుంది. లేత చర్మం మీద పెద్ద గీతలు, వాటి మధ్య సన్న గీతలు రెండూ స్పష్టంగా ఉంటాయి. దాదాపు ఒకే లోతులో అన్ని దిక్కులా సాగి, ఒకదాన్నొకటి కలుసుకున్న చోట చక్కటి త్రికోణాలు ఏర్పడతాయి. ఎండ తగిలే కొద్దీ ముందు సన్న గీతలు మాసిపోతాయి. తర్వాత పెద్ద గీతలు చదునుగా అయి, ఒకే దిక్కుకు సాగుతాయి. త్రికోణాలు చెదిరిపోతాయి. చివరి మెట్టులో ఆ అల్లిక ఆనవాలే సరిగా మిగలదు. ఈ మార్పును మెట్లుగా విభజించి ఆరు వరకు అంకెలు వేసే పద్ధతిని 1980లో బీగ్లీ, గిబ్సన్ అనే పరిశోధకులు ఆస్ట్రేలియాలోనే రూపొందించారు. పైనున్న ఈ గీతలకూ, లోపలి పొరలో ఎండ చేసిన నష్టానికీ సంబంధముంది. కాబట్టి చర్మం కోయకుండానే లోపలి సంగతి తెలుస్తుంది. అచ్చు చూసి అంకె వేసేవాళ్లకు అది రోజూ సన్‌స్క్రీన్ రాసినవాళ్లదో కాదో చెప్పలేదు. ఇష్టాయిష్టాలకు అక్కడ చోటు లేదు.

నాలుగున్నరేళ్ల తర్వాత ఫలితం వచ్చింది. రోజూ సన్‌స్క్రీన్ రాసుకోమన్న బృందంలో చర్మం ముసలితనం రెండో బృందంకన్నా 24 శాతం తక్కువ. పైగా రోజూ రాసిన బృందంలో, మొదటి అచ్చుకూ రెండో అచ్చుకూ మధ్య, గుర్తించదగినంత ముసలితనం పెరగలేదు. బీటా కెరోటిన్ మాత్రల వల్ల మొత్తం మీద ఏ తేడా కనబడలేదు. ఆశపడ్డ దానికి ఫలితం లేదని తేలినా దాన్ని దాచకుండా పక్కనే ప్రకటించారు.

ఈ 24 శాతాన్ని సరిగ్గా అర్థం చేసుకోవాలి. ముడతల లోతు నాలుగో వంతు తగ్గిందని కాదు. అచ్చులో చర్మం మరింత పాడైన మెట్టుకు దిగజారే అవకాశం అంత తగ్గిందని అర్థం. పరిశోధకులు ఆ అంకె చుట్టూ అనిశ్చితి హద్దులు కూడా ఇచ్చారు. మేలు 41 శాతం దాకా ఉండవచ్చు, లేదా 2 శాతమే కావచ్చు అంటాయి ఆ హద్దులు. ఏ క్రీము ప్రకటనలోనైనా ఇలా తన అంకె బలహీనతను తానే చెప్పుకోవడం చూశామా? మరో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. రోజూ రాసుకోవాల్సినవాళ్లలో అందరూ రోజూ రాయలేదు. రెండో బృందంలో కొందరు రాశారు. ఈ రెండింటి వల్ల తేడా తగ్గే ఉంటుంది. సరిగ్గా వాడేవాళ్లకు మేలు ఇంకా ఎక్కువే ఉండవచ్చు.

ముడతలు అందం విషయమని తీసిపారేసేవాళ్లు ఇదే ప్రయోగంలోని మరో ఫలితం చూడాలి. మొత్తం 1,621 మందిలో, రోజూ సన్‌స్క్రీన్ రాసిన బృందంలో స్క్వామస్ సెల్ అనే రకం చర్మ క్యాన్సర్లు సుమారు 40 శాతం తగ్గాయి. ప్రయోగం ముగిసి పదేళ్లయ్యాక లెక్కేస్తే, ప్రమాదకరమైన మెలనోమా రోజూ రాసిన బృందంలో 11 మందికి, రెండో బృందంలో 22 మందికి వచ్చింది. అంకెలు చిన్నవే అయినా తేడా చూపు మరల్చుకోనివ్వదు. చర్మాన్ని ముసలిదాన్ని చేసే ఎండే దాని కణాలనూ దారి తప్పిస్తుంది.

ఈ పనికి హద్దులూ ఉన్నాయి. నంబోర్ జనంలో దాదాపు అందరిదీ తెల్ల చర్మం. మన చర్మంలో మెలనిన్ ఎక్కువ. అది కొంతవరకు సహజమైన గొడుగు. అందుకే అదే వయసున్న తెల్లవాళ్లకన్నా మనకు సన్న ముడతలు ఆలస్యంగా వస్తాయి. ఎండ మనలో వేరే రూపంలో ముందుగా బయటపడుతుంది. బుగ్గల మీద మంగు, నుదుటి మీద నలుపు, రంగు ఒకే తీరుగా లేకపోవడం మన చర్మం ముసలితనానికి తొలి గుర్తులు. మంగుకు అతినీలలోహిత కిరణాలతోపాటు కంటికి కనిపించే వెలుతురు కూడా తోడవుతుంది కాబట్టి, మంగు ఉన్నవాళ్లకు ఐరన్ ఆక్సైడ్ కలిసిన లేతరంగు సన్‌స్క్రీన్‌ను చర్మవైద్యులు సూచిస్తారు. నంబోర్ 26 డిగ్రీల దక్షిణ అక్షాంశంలో ఉంది. హైదరాబాద్, విజయవాడ, విశాఖ అన్నీ 16 నుంచి 18 డిగ్రీల ఉత్తర అక్షాంశాల మధ్య ఉన్నాయి. మన నెత్తిన సూర్యుడు ఇంకా నిటారుగా ఉంటాడు. వేసవి మధ్యాహ్నాల్లో మన దగ్గర యూవీ సూచిక 11 దాటడం మామూలే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో అది అత్యంత తీవ్రమైన మెట్టు.

మన పొలాల్లో పనిచేసే ఆడవాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. మిరప కోతకూ వరి నాట్లకూ వెళ్లేటప్పుడు చీర మీద మగవాళ్ల పాత ఫుల్‌హ్యాండ్స్ చొక్కా తొడుక్కుని, తలకు తువ్వాలు చుట్టుకుంటారు. ఎండను అడ్డుకోవడంలో దళసరి గుడ్డను మించిన క్రీము లేదు. అది చెమటకు కారిపోదు, రెండు గంటలకోసారి మళ్లీ పూసుకోనక్కర్లేదు. గుడ్డ కప్పలేని చోటికే సన్‌స్క్రీన్.

ఇక ఇంట్లో చేయాల్సింది. ఎస్‌పీఎఫ్ 30 లేదా అంతకన్నా ఎక్కువున్నది, సీసా మీద పీఏ తర్వాత మూడు నాలుగు ప్లస్ గుర్తులున్నది తీసుకోండి. ఆ ప్లస్ గుర్తులు యూవీ-ఏ నుంచి రక్షణను చెబుతాయి. ముఖానికి, మెడకు కలిపి చూపుడువేలు, మధ్యవేలు పొడవునా రెండు గీతలుగా పిండుకుంటే సరిపోతుంది. చెవులు, అరచేతుల వెనుక వైపు మరిచిపోకండి. పొగతాగేవాళ్లు మానేయాలి. పొగాకు కూడా కొలాజెన్‌ను తినేస్తుంది. స్నానం తర్వాత మాయిశ్చరైజర్ రాయండి. వచ్చిన గీతలను కొంత తగ్గించాలంటే ట్రెటినోయిన్ లాంటి మందులున్నాయి గానీ అవి డాక్టరు చీటీతోనే వాడాలి, గర్భిణులు వాడకూడదు. తెల్లబడాలని స్టెరాయిడ్ కలిసిన క్రీములు రాసుకుంటే చర్మం పలచబడి, రక్తనాళాలు తేలి, మరింత త్వరగా ముసలిదవుతుంది. వాటి జోలికి వెళ్లకండి.

ముప్పై ఏళ్ల కిందటి ఎస్‌పీఎఫ్ 15 క్రీమును సగం మోతాదులో, అప్పుడప్పుడు మరిచిపోతూ రాసుకున్నా నంబోర్ జనం చేతుల్లో తేడా కనబడింది. ఇవాళ అంతకన్నా మంచివి మందుల షాపుల్లో దొరుకుతున్నాయి. ఏ డబ్బా కొనబోయినా నంబోర్ పరిశోధకులు తమను తాము అడుక్కున్న నాలుగు ప్రశ్నలు మీరూ అడగండి: ఎవరి మీద పరీక్షించారు, ఎవరితో పోల్చారు, దేన్ని కొలిచారు, ఎంతకాలం ఆగారు. జవాబు దొరకని డబ్బాను షాపులోనే వదిలేయండి. ఆ డబ్బుతో ఒక గొడుగు, ఒక సన్‌స్క్రీన్ కొనుక్కుని, రోజూ వాడండి.